నలభై ఒకటో నెంబరు తిండి పుస్తకం

పోయిన వారం మనం అహల్యను గన్‌ఫౌండ్రీలో ఆ పాత హాలు మెట్ల మీద వదిలి వచ్చాం. ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని పదోసారి అనుకుంటూ ఎక్కుతోందామె.

అరవై ఆరేళ్ళ అహల్య నాంపల్లిలో అన్న ఇంద్రసేన ఇంట్లో ఉంటోంది. ఇరవై నాలుగేళ్ళ కిందట, భర్త అమరేశ్వరరావును పేగుల జబ్బుకు ఆపరేషన్ చేయించడానికని, అన్నను తోడిచ్చి నాంపల్లి స్టేషన్లో విజయవాడ బండి ఎక్కించింది. పన్నెండు రోజులకు అన్న ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ నాటికి ఆమె జ్వరంతో మంచం మీద ఉంది. అంతా అయిపోయిందనీ, కృష్ణ ఒడ్డునే కార్యం జరిపించేశారనీ అన్న చెబితే వింది. ఆ మాట మీదే ఇన్నేళ్ళు బతికింది.

వాళ్ళింటి పై వాటాలో కిరాయికి ఉండే శ్రీనిధి, పేగుల జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టర్ వైశాలి దగ్గర పనిచేస్తోంది. ఆ పరిశోధనకు దేశమంతటికీ కలిపి ఇచ్చే పెద్ద పురస్కారం వచ్చింది. సభకు రమ్మని శ్రీనిధి కార్డు తెచ్చి ఇస్తే, ఇంద్రసేన ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "పేగుల ముచ్చట నీకెందుకు చెల్లే? పోకు" అన్నాడు. ఆమె రాకపోకలకు ఏనాడూ అడ్డం రాని మనిషి. అందుకే ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఇవాళ శనివారం మధ్యాహ్నం, లక్డీకాపూల్లో గది తీసుకుని దిగిన జబ్బు దోస్తుకు ఆమె చేత వండించి మంగళవారం నుంచి మోస్తున్న క్యారియర్ పట్టుకుని ఆయన అటు వెళ్ళగానే, ఆమె ఇటు బయల్దేరింది.

హాలు నిండా జనం. శ్రీనిధి ఆమెను మూడో వరసలో, ఫ్యాన్ కింద కూర్చోబెట్టింది.

"అమ్మమ్మా, బీపీ గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న బిడ్డా. గ్యాస్ కట్టేసిన్నో లేదో యాదికొస్తలేదు."

"కట్టేసినవ్. నేను సూసిన గదా వచ్చెటప్పుడు. జర నిమ్మళంగ కూసో."

వేదిక మీద శాలువా కప్పించుకున్న డాక్టర్ వైశాలి యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, మైకు అందక మునివేళ్ళ మీద నిలబడి మాట్లాడింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం, ఆ యాస ఇంకా పోలేదు.

"పేగుల్లో పుండ్లు లేస్తాయి, మానినట్టే మాని మళ్ళీ లేస్తాయి. ఎందుకు లేస్తాయో తెలుసుకోవాలంటే మనిషి ఏం తిన్నాడో తెలియాలి. అందుకని మా పేషెంట్లందరికీ తలా ఒక నోటుబుక్కు ఇచ్చాం. రోజూ ఏం తింటే అది రాయండి, దాచకండి అన్నాం. వాళ్ళు దానికి తిండి పుస్తకం అని పేరు పెట్టారు. ఇంట్లోవాళ్ళకు తెలియకుండా అబిడ్స్‌లో నిలబడి తిన్న మిరపకాయ బజ్జీలు కూడా అందులో ఉన్నాయండీ. భార్యలు ఎవరైనా వచ్చి ఉంటే మన్నించాలి."

జనం నవ్వారు. అహల్య కూడా నవ్వింది.

"ఇరవై రెండేళ్ళుగా ఒక్కరోజు కూడా మానకుండా రాసినవాడు ఒకే ఒక్కడు. మా నలభై ఒకటో నెంబరు. పేరు చెప్పను. అంత పద్ధతి గల మనిషి, ఏటా ఒక్కరోజు మాత్రం మా నియమాలన్నీ గట్టు మీద పెడతాడు. వద్దన్న నూనె వంటలన్నీ ఆ ఒక్క పూటే తింటాడు. తర్వాత పది రోజులు రక్తం పడుతూ బాధపడతాడు. అడిగితే నవ్వుతాడు. పోనీ ఒకే తేదీనా అంటే కాదు. ఒక ఏడు మార్చి మొదట్లో, ఒక ఏడు మార్చి చివర, ఒక్కోసారి ఏప్రిల్. కంప్యూటరుకు ఇచ్చి చూశాం. అది కూడా చేతులెత్తేసింది."

మళ్ళీ నవ్వులు, చప్పట్లు.

సభ అయ్యాక వరండాలో సమోసాలూ, చాయ్. గోడ పొడవునా నిలబెట్టిన అట్టల మీద పరిశోధన వివరాలు. శ్రీనిధి ఎవరో పిలిస్తే వెళ్ళింది. అహల్యకు సమోసా సంగతి పట్టలేదు. అచ్చు కనబడితే ఆగకుండా ఉండలేని అలవాటు ఆమెకు. నాలుగో తరగతితో బడి మానిపించినా, పొట్లం కాగితాల నుంచి మొదలుపెట్టి తనంతట తానే చదువు పట్టుకున్న మనిషి. ఒక్కో అట్టా చదువుకుంటూ వెళ్ళి, చివరిదాని ముందు ఆగింది.

పైన "41" అని ఉంది. కింద ఎర్ర గీత. అది నేలబారుగా పోతూ పోతూ ఏటా ఒకచోట సూదిలా లేచింది. ప్రతి సూది పక్కన ఒక తేదీ.

2022 మార్చి 22. 2023 మార్చి 12. 2024 మార్చి 30. 2025 మార్చి 19.

అహల్య కళ్ళద్దాలు సరిచేసుకుంది.

ఆ తేదీలు ఆమెకు కంఠతా వచ్చు. కంప్యూటరుకు తెలియని లెక్క ఆమెకు ప్రతి ఏడూ కొత్త పంచాంగం కొనగానే తెలిసిపోతుంది. ఫాల్గుణ బహుళ పంచమి. ఆ తిథి నాడు ఆమె గుడికి వెళ్ళి, పంతులుగారికి బియ్యం, పెసరపప్పు, అరటికాయలు, నెయ్యి స్వయంపాకం ఇచ్చి వస్తుంది. కొడుకులు లేని ఇల్లాలు భర్త తిథికి అంతకన్నా ఏం చేయగలదు? రేపటి కోసం పొద్దున్నే బియ్యం ఏరి సంచిలో పోసి పెట్టింది కూడా.

"ఇంకెవరి ఇంట్లనో గూడ ఇదే తిథి ఉన్నట్టుంది" అనుకుంది. పాపం అనిపించింది. ఆ మనిషి భార్యకో తల్లికో పెట్టుకుంటున్నాడు కాబోలు, వీళ్ళకు తెలియక నవ్వుతున్నారు.

అట్ట కింది భాగంలో, ఆ ఒక్కరోజు అతను తిన్నవేమిటో చిన్న అక్షరాల్లో అచ్చు వేశారు. వంగి చదివింది.

మినప గారెలు. బూరెలు. అరటికాయ కూర. కంద. పెసరపప్పు. కరివేపాకు పచ్చడి. నువ్వుల ఉండ. పరమాన్నం. కారానికి మిరియాలు. పగలు మూడు గంటలకు ఒకేసారి. రాత్రి ఏమీ లేదు.

అవును, కోస్తా వాళ్ళ తద్దినం వంటే. అత్తగారు బతికి ఉండగా రేపల్లెలో ఈ వంట ఎన్నిసార్లు చేసిందో. ఆ జాబితా చివర ఇంకొక్కటి ఉంది.

సకినాలు, రెండు.

వరండాలో మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

కృష్ణ ఒడ్డు వాళ్ళ తద్దినం విస్తట్లో సకినాలు ఉండవు. అవి ఇక్కడి వంట. పోయినవాళ్ళకు ఇష్టమైనదొకటి విస్తట్లో వేస్తారు గనుక, ఆ పోయిన మనిషెవరో ఈ గడ్డ మీద పుట్టి, కోస్తా ఇంట మెట్టి, సకినాలంటే పడి చచ్చే మనిషి అయి ఉండాలి. పెళ్ళయిన కొత్తలో అమరేశ్వరరావు ఆమె చేసిన సకినం కొరికి, "ఇది తినడానికా, దవడల కసరత్తుకా?" అన్నాడు. మరుసటి ఏటికల్లా బ్యాంకుకు డబ్బాలో పెట్టించుకుని పోయేవాడు. తను ఎప్పుడూ రెండే తినేది. మూడోది తింటే వాముకు నోరు మండుతుందని.

రెండు.

"అమ్మమ్మా? ఏమైంది? ముఖమంత గట్ల అయ్యింది?" శ్రీనిధి చేతిలో చాయ్ కప్పుతో పరుగున వచ్చింది.

"శ్రీనిధీ, ఈ మనిషి ఎవరు?"

"నలభై ఒకటి గదా. పేర్లు మాకు గూడ తెల్వదు అమ్మమ్మా. పుస్తకాల మీద నెంబరే ఉంటది. నేను లోపటి గదిల టైపు కొడ్త, గంతే. పేషెంట్లను సూడనే సూడ."

"బతికి ఉన్నడా?"

"ఔ, మొన్న గురువారం వచ్చి సూపించుకొని పోయిన్రట. ఎందుకు?"

అహల్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. చాయ్ ఒలికి ఇద్దరి వేళ్ళూ కాలాయి. ఇద్దరూ గమనించలేదు.

"నన్ను మీ డాక్టరమ్మ తానికి తోల్కపో. ఇప్పుడే."

వేదిక పక్కన చిన్న గది. డాక్టర్ వైశాలి శాలువా మడిచి పక్కన పెట్టి, అప్పుడే చెప్పులు వదిలి పాదాలు నొక్కుకుంటోంది. ఇద్దరూ లోపలికి రాగానే నవ్వి లేచింది.

"మీరేనా అహల్యమ్మగారు? శ్రీనిధి ఎప్పుడూ మీ వంట గురించే చెబుతుంది. కూర్చోండి."

అహల్య కూర్చోలేదు. "డాక్టరమ్మా, నలభై ఒకటో నెంబరాయన పేరేంది?"

వైశాలి నవ్వు ఆగింది. "అది చెప్పకూడదమ్మా. వాళ్ళకు మాటిచ్చాకే పుస్తకాలు రాయించాం. ఎవరడిగినా చెప్పను. ఇవాళ బహుమతి ఇచ్చినవాళ్ళు అడిగినా చెప్పలేదు."

"చెప్పకు. నేనే చెప్త. నువ్వు ఔననకు, కాదనకు. నేను చెప్పెటప్పుడు నీ ముఖం సూస్త, గంతే."

శ్రీనిధి తలుపు దగ్గరగా వేసింది.

"అమరేశ్వరరావు" అంది అహల్య. ఇరవై నాలుగేళ్ళుగా ఎవరి ముందూ పలకని పేరు. "రేపల్లె మనిషి. ఈ గన్‌ఫౌండ్రీలనే బ్యాంకుల గుమస్తా. ఎడమ చెవి మీద కందిగింజంత పుట్టుమచ్చ."

వైశాలి కళ్ళద్దాలు తీసింది. తుడవలేదు, మళ్ళీ పెట్టుకోలేదు. ఆ కళ్ళద్దాలు చేతిలో అలాగే ఉండిపోయాయి.

అహల్య కుర్చీ వెనక పట్టె పట్టుకుంది. అనుకున్నదానికీ, ఎదుటి మనిషి ముఖంలో చూసినదానికీ ఇంత తేడా ఉంటుందని ఆమెకు తెలియదు.

"మీరు ఆయనకు ఏమవుతారు?" అంది వైశాలి మెల్లగా.

"పెండ్లాన్ని."

"కాదు." ఆ మాట వైశాలి నోటి నుంచి ఆమెకు తెలియకుండానే వచ్చేసింది. "కాదమ్మా. ఆయన భార్య పోయింది. మొదటి రోజు నింపిన ఫారంలోనే ఉంది. నేనే స్వయంగా అడిగి రాశాను. జ్వరమొచ్చి పోయిందన్నాడు. ఆయన ఆపరేషన్ బల్ల మీద ఉండగా కబురొచ్చిందట. చివరి చూపు కూడా దక్కలేదని…"

గదిలో ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నేను సచ్చిపోయిన్నా?" అంది అహల్య.

ఆమె కుర్చీ పట్టె వదిలి డాక్టరు ముందుకు వచ్చింది.

"అట్లనా? ఆయనకు నేను పోయిన్నని చెప్పిన్రు. నాకు ఆయన పోయిండని చెప్పిన్రు. తిథి గూడ ఇద్దరికి ఒక్కటే ఇచ్చిన్రు. ఇంకో తిథి ఎతుకుడు ఎందుకనుకున్నరేమో." ఆమె నవ్విందో ఏడ్చిందో శ్రీనిధికి అర్థం కాలేదు. "డాక్టరమ్మా, మీ కంప్యూటరుకు దొరకని రోజు ఫాల్గుణ బహుళ పంచమి. ఆ దినం ఆయన తినేది విందు గాదు. అది నా తద్దినం."

వైశాలి కుర్చీలో కూలబడింది. వేదిక మీద ఆ ముచ్చట చెప్పి వందమందిని నవ్వించి ఇంకా గంట కాలేదు. చేత్తో నోరు మూసుకుంది.

"మా అమ్మానాన్నలకు మా అన్నయ్య పెడతాడు" అంది చివరికి. "ఏటా వెళ్ళి భోజనం చేసి వస్తాను. అదే గారెలు, అదే కంద. ఇరవై రెండేళ్ళు ఆ జాబితా నా బల్ల మీద ఉంది. నాకు తట్టలేదు. తేదీ మారుతోంది, ఎందుకు మారుతోంది అని లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నానే తప్ప, ఒక్కసారి పంచాంగం తీద్దామని తోచలేదు."

"అట్టల మీద అచ్చేసినవ్ గదమ్మా. అందుకే నాకు దొరికింది" అంది అహల్య.

వైశాలి ఉలిక్కిపడి తలెత్తింది. "రేపేమిటి తిథి?"

"పంచమి."

"రేపా!" ఆమె లేచి నిలబడింది. ముఖంలో రంగు మారింది. "అహల్యమ్మగారూ, ఇప్పుడు నేను చెప్పేది చెప్పకూడని మాట. అయినా చెబుతాను. మొన్న గురువారం ఆయన్ని చూశాను. పేగు గోడ ఉల్లిపొరలా పలచబడిపోయింది. వెంటనే ఆసుపత్రిలో చేరమన్నాను. ఆదివారం ఒక పనుంది, సోమవారం చేరతానన్నాడు. ఏం పని అంటే మామూలుగానే నవ్వాడు. రేపు ఆ గారెలు, ఆ నువ్వులు గనక లోపలికి పోతే రక్తం ఆగదు. నేను కాదు కదా, ఎవరూ ఆపలేరు."

అహల్యకు అట్ట మీది గీత కళ్ళ ముందుకొచ్చింది. ఏటా ఆ ఎర్ర సూదులు. ఒక్కో సూదీ పది రోజుల రక్తం. నొప్పని తెలిసి, తన పేరున పిండం పెట్టి, తనకోసం రెండు సకినాలు కొరికి తిని, పది రోజులు మెలికలు తిరిగి, మళ్ళీ లేచి పుస్తకం రాసుకున్నాడు. ఇరవై రెండుసార్లు. బతికి ఉన్న మనిషి కోసం.

"యాడ ఉన్నడు?"

"ఊరు పెదకాకాని దగ్గర ఏదో పల్లె. చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఇక్కడ ఎవరో తెలిసినవాళ్ళు గది చూసి పెడతారట. ఏ గదో నాకు తెలీదు. వెంట వచ్చే ఆయన నంబరుంది." వైశాలి ఫోను తీసి నొక్కింది. చాలాసేపు మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. "ఎత్తడం లేదు."

"వెంట వచ్చెటాయన ఎవరు?"

"ఒక పెద్దాయన. ఆయన పేరు… నిజం చెప్పాలంటే ఏనాడూ అడగలేదమ్మా. సంతకం ఉర్దూలో పెడతాడు. ఎవరో ముస్లిం స్నేహితుడు అనుకున్నాం. అందరం 'సాబ్' అనే పిలుస్తాం, ఆయనా పలుకుతాడు. ఏటా ఆయనే తీసుకొస్తాడు, ఆయనే తీసుకుపోతాడు. చాలా మంచివాడు."

శ్రీనిధి భుజాన ఉన్న సంచీ ముందుకు లాక్కుంది. "మేడమ్, గురువారం ఆయన ఇచ్చిపోయిన పుస్తకం నా దగ్గరనే ఉంది. ఇంక టైపు కొట్టలే."

వైశాలి పుస్తకం వైపు, అహల్య వైపు చూసింది. తర్వాత తల ఊపింది.

నీలం అట్ట నోటుబుక్కు. మీద 41. అహల్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చీర చెంగుతో చేతులు తుడుచుకుని, అట్ట తెరిచింది.

కుడివైపుకు ఒరిగిన గుమస్తా రాత. ప్రతి రోజు కిందా స్కేలు పెట్టి గీసిన గీత. కాస్త వణుకు చేరింది, అంతే. ఆ రాతను ఆమె ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. నాంపల్లి ప్లాట్‌ఫారం మీద ఆ రోజు ఆయన, "ఎండ దంచేస్తోంది, నువ్వు ఇంటికెళ్ళు, బండి కదిలేదాకా నిలబడక్కర్లేదు" అంటే ఆ మాట విని వెనక్కి తిరిగింది. చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా నిలబడలేదు. నిలబడి ఉంటే ఆయన పోయేవాడు కాదని ఇరవై నాలుగేళ్ళు తనను తాను కోసుకుంది. తర్వాత ఎవరిని బండెక్కించినా, ఎర్ర దీపం మాయమయ్యేదాకా కదలదు.

పేజీలు తిప్పింది. చివరి పేజీల్లో ఈ వారం.

"మంగళవారం. పెసరకట్టు, మెత్తటి అన్నం. వాము వేశారు."

కింద, గీత దాటి, చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది.

"అహల్య చేతి రుచి. భ్రమ కాబోలు."

బుధవారం. "సొరకాయ మెత్తగా ఉడికించి, పాలు పోసి. అదే రుచి. ఎవరు వండారని అడిగాను. హోటల్ అన్నాడు. హోటళ్ళలో ఇలా వండరు."

"అయ్యో" అంది శ్రీనిధి ఆమె భుజం మీదుగా చదువుతూ. "ఇట్లాంటివి పాత పుస్తకాలల్ల గూడ అక్కడక్కడ ఉంటయి అమ్మమ్మా. నేను వదిలేస్త. టైపు కొట్టే ఫారంల దానికి కాలమ్ లేదు."

అహల్య వినడం లేదు. మంగళవారం పెసరకట్టు ఎవరు చేశారు? బుధవారం సొరకాయలో పాలు ఎవరు పోశారు? క్యారియర్ మూత బిగించి, మెతుకు గట్టిపడుతుందేమోనని మళ్ళీ తీసి, చెంచాడు నీళ్ళు చల్లి, మళ్ళీ మూసి, "నీ దోస్తుకు పుండు మీద పడకుండ మెత్తగ చేసిన అన్నా" అని చేతికి ఇచ్చింది ఎవరు?

వేళ్ళు వాటంతట అవే చివరి పేజీ తిప్పాయి. పుస్తకం అప్పగించిన రోజున వెంట వచ్చిన మనిషి సంతకం చేసే చోటు అది. నల్ల సిరా. కుడి నుంచి ఎడమకు సాగి, చివర కొడవలిలా వంగిన గీత, దాని మీద రెండు చుక్కలు.

అహల్యకు ఉర్దూ రాదు. కానీ ఆ కొడవలి తెలుసు. రేషన్ కార్డు మీద ఉంది. ఇంటి కరెంటు కాగితాల మీద ఉంది. నైజాం పోయినా ఉర్దూ వదలని బడిలో ఉర్దూతోనే చదువు మొదలుపెట్టిన ఆ ఇంటి పెద్దకొడుకు, తెలుగులో సంతకం పెట్టడం నామోషీ అన్నట్టు, డెబ్భై తొమ్మిదేళ్ళు వచ్చినా అలాగే పెడుతున్నాడు.

"మీ సాబ్ ముస్లిం గాదు డాక్టరమ్మా" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. అందుకే శ్రీనిధికి భయమేసింది. "మా అన్న."

"తాతనా!" అంది శ్రీనిధి.

జ్వరంలో తల మీద తడిగుడ్డ వేసినవాడు. మెళ్ళో తాడు తీసిన రోజు గోడకు తిరిగి నిలబడి ఏడ్చినవాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు, ఆమె చూసింది. ఏటా పంచమి నాడు స్వయంపాకం సంచి తనే మోసి గుడి మెట్ల దాకా తెచ్చేవాడు. అక్కడ ఆమెను దింపి, "జర పనుంది" అని వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు.

ఆమె లేచింది. పుస్తకం ఎవరికీ ఇవ్వలేదు. గుండెకు అదుముకునే తలుపు తీసింది.

"అహల్యమ్మగారూ, ఆగండి, నేనూ వస్తాను" అంటూ వైశాలి చెప్పుల కోసం వెతుక్కుంది.

మెట్లు దిగుతుండగా అబిడ్స్ వైపు నుంచి వచ్చే బస్సుల మోత, ఎండ, దుమ్ము ఒక్కసారి ముఖాన కొట్టాయి. ఆఖరి మెట్టు పక్కన, గోడ నీడలో ఇంద్రసేన నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. చేతిలో క్యారియర్.

"ఇంటికి పోతె తాళం ఉన్నది" అన్నాడు ఆయాసపడుతూ. "ఈడికే వచ్చినవనుకున్న. పోకని చెప్పిన గదనే? పా, ఇంటికి పోదాం. బంగారం అసొంటి చెల్లెవు, జర నా మాట ఇను."

అహల్య మాట్లాడకుండా చెయ్యి చాచి క్యారియర్ అందుకుంది. చెయ్యి కిందికి వాలింది. రోజూ తేలిగ్గా, గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుంటూ వచ్చే క్యారియర్. ఇవాళ బరువుగా ఉంది.

"తినలేదా?"

"లేదు." ఇంద్రసేన చూపు తిప్పుకున్నాడు. "వాడింట్ల రేపేదో తద్దినం ఉన్నదట. ఇయ్యాల్టి సంది ఉపాసం. నీళ్ళు తప్ప ముట్టనన్నడు."

"ఎవరి తద్దినం అన్నా?"

"ఏమో, ఎవరిదో… వాళ్ళ ఇంటోళ్ళది. మనకెందుకు?"

"ఎవరిది?"

ఇంద్రసేన ఆమె ముఖం చూశాడు. తర్వాత ఆమె గుండెకు అదుముకున్న నీలం అట్ట చూశాడు. దాని మీది అంకె చూశాడు. తల పైకెత్తితే మెట్ల మీద, ఒక కాలికి చెప్పుతో డాక్టర్ వైశాలి. "సాబ్" అంది ఆమె అలవాటుగా.

ఆయన గోడకు చెయ్యి ఆనించాడు. అహల్యకు ఆ క్షణాన అన్న మీద కోపం రాలేదు. అది వస్తుందని తెలుసు. రాత్రంతా, ఇక మిగిలిన బతుకంతా వస్తుంది. ఇప్పుడు దానికి తీరిక లేదు. రేపు మధ్యాహ్నం మూడు గంటలకు ఒక మనిషి విస్తరి ముందు కూర్చుంటాడు. ఆ విస్తట్లో గారె ఉంటుంది, రెండు సకినాలు ఉంటాయి.

రోడ్డు మీదికి అడుగేసి చెయ్యి ఊపింది. ఆటో ఒకటి బస్సును తప్పించుకుని వచ్చి ఆగింది. ఆమె ఎక్కి, క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని, పక్కన చోటు చూపించింది.

"ఎక్కు అన్నా. నా తద్దినానికి నేను పోకుంట ఎట్ల?"

ఇంద్రసేన ఆటో కడ్డీ పట్టుకున్నాడు కానీ ఎక్కలేదు.

"యాడికి పోవాలమ్మా?" అన్నాడు ఆటో అతను, అద్దంలోంచి.

అహల్య అన్న వైపు చూసింది. ఆ చిరునామా ప్రపంచంలో ఈ ఒక్క మనిషికే తెలుసు. ఇరవై నాలుగేళ్ళు అబద్ధం చెప్పిన ఆ నోటి నుంచే ఇప్పుడు నిజం రావాలి.

"చెప్పు" అంది.

ఇంద్రసేన కళ్ళు మూసుకున్నాడు. "చెప్త చెల్లే" అన్నాడు. "కానీ గాడికి పోయినంక నువ్వు లోపలికి ఒక్కదానివే పోవాలె. ఆయన పక్కన ఉన్న మనిషిని సూసినంక, నువ్వు నన్ను మళ్ళ అన్నా అని పిలువవు."